టెర్పీన్ ఎంజైములు వరిని తెగుళ్ళ నుంచి ఎలా కాస్తాయి, నిమ్మగడ్డి నూనె కొడితే సరిపోతుందా? కాస్త పొడుగు జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. చీపురుపల్లి పక్క ఊరు, రెండెకరాల సాంబమసూరి, పోయినేడు వెన్ను బయటకొచ్చాక మెడవిరుపు, అంటే వెన్ను మెడకి పట్టే అగ్గితెగులు, తగిలి సగం తాలు అయిపోయింది, ఇప్పుడేమో మొక్కల్లో టెర్పీన్లు తయారుచేసే ఎంజైములే తెగుళ్ళని ఆపుతాయని ఎక్కడో చదివావు, అదెలాగో చెప్పమన్నావు, పన్లో పనిగా నిమ్మగడ్డి నూనెలో ఉన్నదీ టెర్పీనే కదా అది కొట్టేస్తే పోదా అన్నావు, ఆ ఎంజైము గట్టిగా పెట్టిన విత్తనం ఎప్పుడు దొరుకుతుందన్నావు. మూడూ అడగాల్సినవే. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను, కొట్టొద్దు, డబ్బు దండగ. ఎందుకు దండగో అర్థం కావాలంటే మాత్రం మొదటి ప్రశ్న నుంచి రావాలి, అది పొడుగు, టీ పెట్టుకుని చదువు.

ముందు టెర్పీన్ అంటే ఏటో చూద్దాం. మామిడాకు నలిపితే వచ్చే వాసన, పసుపు ఆకు చీరితే వచ్చే ఘాటు, నిమ్మతొక్క విరిస్తే కంట్లో పడే తుంపర, తులసి, కర్పూరం, వేపగింజ చేదు, ఇవన్నీ ఆ కుటుంబమే. ఇప్పటికి 80 వేలకి పైగా టెర్పీనాయిడ్లు తెలుసు, అందులో ఎక్కువ భాగం మొక్కలవే. కానీ వీటన్నిటికీ మూలం ఒకటే, ఐదు కార్బన్ల చిన్న ముక్క. మొక్క ఆ ముక్కల్ని రెండు కలిపితే పది, మూడు కలిపితే పదిహేను, నాలుగు కలిపితే ఇరవై కార్బన్ల గొలుసు అవుతుంది. పదివి మోనోటెర్పీన్లు, నిమ్మ వాసనలాంటివి, గాలిలోకి ఎగిరిపోతాయి. పదిహేనువి సెస్క్విటెర్పీన్లు, పసుపు ఘాటు ఇందులోది. ఇరవైవి డైటెర్పీన్లు, ఇవి పెద్దగా ఎగరవు, ఉన్నచోటే ఉంటాయి, వరి కథ ఎక్కువగా వీటితోనే.

గొలుసు దాకా దాదాపు అన్ని మొక్కలూ ఒకేలా చేస్తాయి, ఆ గొలుసుని ఏ ఆకారంలోకి మలుస్తారు అన్నదగ్గరే తేడా, ఆ మలిచే ఎంజైమునే టెర్పీన్ సింథేజ్ అంటాం. గొలుసు చివర ఫాస్ఫేట్ల తోక ఒకటుంటుంది, చాలా సింథేజ్‌లలో లోపలి మెగ్నీషియం అయాన్లు ఆ తోకని పట్టుకుని ఊడగొడతాయి, తోక ఊడగానే గొలుసు నిలకడ తప్పి తనలో తనే చుట్టుకుని ఉంగరాలు కట్టేస్తుంది, ఎంజైము లోపల గూడు ఏ ఆకారంలో ఉంటే ఉంగరం ఆ ఆకారంలో వస్తుంది. జంతికల గొట్టంలో పిండి అదే, బిళ్ళ మారిస్తే జంతిక కాస్తా కారప్పూస అయినట్టు. గూడులో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మారినా సరుకు మారిపోతుంది, అందుకే ఈ కుటుంబం ఇంత పెరిగింది. ల్యాబుల్లో ఎక్కువ వాడే అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కలోనే పనిచేసే టెర్పీన్ సింథేజ్ జన్యువులు 32 ఉన్నాయి.

ఇంకోటి గుర్తుపెట్టుకో, సింథేజ్ చేసింది సగం సరుకే. దాని మీద పీ450 అనే ఇంకో జట్టు ఎంజైములు ఆక్సిజన్ తగిలిస్తేనే చాలా వాటికి బూజుని చంపే గుణం వస్తుంది. కాబట్టి "ఒక్క ఎంజైము ఎక్కించారు, తెగులు పోయింది" అని ఎవరైనా రాస్తే కాస్త అనుమానంగానే చదువు.

ఇప్పుడు వరికి వద్దాం. వరిలో ఈ ఎంజైములు రెండు ఉద్యోగాలు చేస్తాయి, ఒకటి ఎదుగుదల, ఇంకోటి కాపలా. రెండింటికీ మొదలు అదే ఇరవై కార్బన్ల గొలుసు. సీపీఎస్1 అనే ఎంజైము ఆ గొలుసుని పట్టుకుంటే అది గిబ్బరెలిన్ దారిలోకి పోతుంది, అంటే మొక్క పొడుగు పెరిగే హార్మోను. దాని తోబుట్టువులు సీపీఎస్2, సీపీఎస్4 పట్టుకుంటే కాపలా దారిలోకి పోతుంది, సీపీఎస్2 వైపు నుంచి ఫైటోకస్సేన్లు, సీపీఎస్4 వైపు నుంచి మొమిలాక్టోన్లు, రెండూ తెగులు మీద పనిచేసే డైటెర్పీన్లే. ఒకే పూర్వీక జన్యువు కాపీలై, కాపీలు వేరే పని నేర్చుకున్నాయన్నమాట. గిబ్బరెలిన్ దొరికిన కథ కూడా వరి తెగులు కథే, నారుమడిలో అక్కడక్కడ ఒక మొక్క పాలిపోయి మిగతా వాటికంటే జానెడు పొడుగ్గా, సన్నగా, పిచ్చిగా లేచి తర్వాత చచ్చిపోతుందే, ఆ తెగులు చేసే బూజు తనే ఏదో పదార్థం వదులుతోందని 1926లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త చూపించాడు, తర్వాత అదే గిబ్బరెలిన్ అయింది. అంటే ఆ బూజు కూడా టెర్పీనే చేస్తోంది, మన మీద. ఈ ఆటలో ఆయుధాలు రెండు పక్షాల దగ్గరా ఉన్నాయి, అది మర్చిపోకు.

మొమిలాక్టోన్లని మొదట 1973లో జపాన్‌లో పట్టుకున్నారు, ఎక్కడ నుంచంటే వడ్ల ఊక నుంచి, అదీ తెగులు కోసం వెతుకుతూ కాదు, ఇతర మొక్కల ఎదుగుదలని ఆపే పదార్థం ఊకలో ఏముందని చూస్తే దొరికింది. అది అగ్గితెగులు బూజు మీద కూడా పనిచేస్తుందని తర్వాత తేలింది. వరి వేర్లు కూడా దీన్ని మట్టిలోకి వదులుతాయి, 2012లో సీపీఎస్4 జన్యువు పనిచేయకుండా చేసిన వరి మొక్కలు పక్కన ఊదగడ్డిని అణిచే శక్తి పోగొట్టుకున్నాయని చూపించారు. దీనికి ఒక కొసమెరుపు ఉంది, 2017లో ఊదగడ్డి జీనోమ్ మొత్తం చదివితే మొమిలాక్టోన్ చేసే జన్యువుల గుంపు దాంట్లోనూ కనిపించింది, అంటే కలుపు కూడా ఆ విద్య నేర్చుకునే ఉంది, ఉభాల (నాట్ల) తర్వాత ఆ గడ్డి ఎందుకంత మొండిగా లేస్తుందో చెప్పడానికి ఇదొక్కటే కారణం కాకపోయినా నాకు మాత్రం ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది.

గుంపు అన్నాను కదా. వరి నాలుగో క్రోమోజోమ్ మీద సీపీఎస్4, దాని తర్వాతి మెట్టు చేసే కేఎస్ఎల్4, ఆక్సిజన్ తగిలించే పీ450లు, చివరి మెట్టు చేసేది, అన్నీ వరసగా పక్కపక్కనే కూర్చున్నాయి. ఫైటోకస్సేన్ల గుంపు రెండో క్రోమోజోమ్ మీద. మొక్కల్లో ఒక పనికి సంబంధించిన జన్యువులు సాధారణంగా చెల్లాచెదురుగా ఉంటాయి, ఇక్కడలా ఒకే వీధిలో ఉండటం విశేషం. తెగులు వచ్చిందన్న కబురు అందగానే మొత్తం గుంపు దాదాపు ఒకేసారి పనిలోకి దిగుతుంది.

కబురు ఎలా అందుతుంది? బూజు గోడలో కైటిన్ ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేదే. బూజు ఆకుని గుచ్చేటప్పుడు ఆ కైటిన్ ముక్కలు రాలతాయి, వరి కణం బయట సీఈబిప్ అనే ప్రోటీను, 2006లో దొరికింది, అది ఆ ముక్కల్ని తాకి గుర్తుపట్టి లోపలికి కబురు పంపుతుంది. ఆ కబుర్లలో జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోను ముఖ్యమైనది. అప్పుడు సింథేజ్‌లు తయారవుతాయి, అవి మొమిలాక్టోన్, ఫైటోకస్సేన్ చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న ఆకులో ఇవి చాలా తక్కువ, దెబ్బ తగిలాకే పోగవుతాయి, అలాంటి వాటిని ఫైటోఅలెక్సిన్లు అంటాం.

ఇక అసలు విషయం. అగ్గితెగులు బూజు బీజం మంచుతో తడిసిన ఆకు మీద వాలాక రెండు మూడు గంటల్లో మొలకెత్తుతుంది, ఆపైన కొన్ని గంటల్లో మొలక చివర గుండ్రటి బుడిపె కడుతుంది, ఆ బుడిపెకి లోపల నల్లటి మెలనిన్ పూత పూసుకుంటుంది, పూత బిగిశాక లోపల ఒత్తిడి 80 అట్మాస్ఫియర్ల దాకా పెంచుకుని ఆ ఒత్తిడితోనే ఆకు తోలుని పొడిచేసి లోపలికి దిగుతుంది. మొత్తం కథ ఒక రోజు లోపల. అంటే వరికి ఉన్న టైం ఆ రాత్రి, మర్నాడు, అంతే. తెగులు తట్టుకునే రకానికీ తట్టుకోలేని రకానికీ సింథేజ్ జన్యువుల్లో పెద్ద తేడా ఉండనక్కర్లేదు, చాలాసార్లు రెండింట్లోనూ ఉంటాయి, బూజుని గుర్తుపట్టిన మొక్కలో మొమిలాక్టోన్ ముందుగా, ఎక్కువగా, బూజు దిగిన చోటే పోగవుతుంది, గుర్తుపట్టని మొక్కలో ఆలస్యంగా వస్తుంది, అప్పటికి బూజు పక్క కణాల్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. ఎంత చేసింది అనేదానికంటే ఎప్పుడు చేసింది, ఏ కణంలో చేసింది అనేదే ఇక్కడ లెక్క.

ఇది నువ్వు కంటితో చూడొచ్చు. నవంబరులో పొద్దున్నే మంచు ఆరక ముందు గట్టు మీద కూర్చుని నీ సాంబమసూరి ఆకు ఒకటి, పక్క మడిలో ఏదైనా తట్టుకునే రకం ఉంటే దాని ఆకు ఒకటి తెంపి ఎండకి ఎదురుగా పట్టుకో. నీ ఆకు మీద నూలుకండె ఆకారం మచ్చ, రెండు చివర్లా కోసుగా సాగి, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ అంచు, ఆ బూడిద రంగు మధ్యలోనే బూజు కొత్త బీజాలు పండిస్తోంది. రెండో ఆకు మీద చూస్తే గుండుసూది తలంత గోధుమ చుక్కలు, అంతే, పెరగవు. చాలామంది ఆ చుక్కలు చూసి "దీనికీ తెగులొచ్చింది" అని మందు తెచ్చేస్తారు. ఆ చుక్క తెగులు గెలిచిన చోటు కాదు, ఓడిన చోటు. బూజు దిగింది, మొక్క గుర్తుపట్టింది, అక్కడ కణాల్ని తనే చంపుకుని, చుట్టూ ఫైటోఅలెక్సిన్లు పోగేసి బిగించేసింది.

ఎండాకు తెగులు, అదే బాక్టీరియాది, దాని కథ కొంచెం వేరు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు అక్టోబరులో తుఫాను తప్పదు కదా, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ వరి పొట్ట మీద ఉన్న టైములోనే వచ్చాయి. గాలికి ఆకులు ఒకదానికొకటి రాసుకుని చీలతాయి, మడిలో నీళ్ళు నిలుస్తాయి, బాక్టీరియాకి అంతకంటే ఏం కావాలి, చీలిక లోంచి సరాసరి లోపలికి వెళ్ళిపోతుంది. ఇక్కడ ఎగిరే టెర్పీన్లు బయటికొస్తాయి. 2014లో జపాన్ వాళ్ళు చూసింది ఏటంటే, జాస్మోనిక్ ఆమ్లం అందిన వరి లినలూల్ అనే వాసన పదార్థం చేస్తుంది, ఆ వాసన సోకిన వరి మొక్కలు ఎండాకు తెగులుని మెరుగ్గా తట్టుకున్నాయి, కానీ లినలూల్ బాక్టీరియాని నేరుగా చంపడం వల్ల కాదట, మొక్క కాపలా జన్యువుల్ని లేపడం వల్ల. అంటే ఇది ఆయుధం కంటే కబురు. గామా టెర్పినీన్ అనే ఇంకోటి, 2016లో వచ్చిన పని, అది బాక్టీరియా మీద నేరుగానే పనిచేసింది. లిమొనీన్ చేసే టీపీఎస్19 అనే సింథేజ్ ఎక్కువ చేసిన వరి అగ్గితెగులుని బాగా తట్టుకుందని 2018లో వచ్చింది, లిమొనీన్ బూజు బీజం మొలకెత్తకుండా ఆపింది. నువ్వు చదివిన వార్త బహుశా ఇలాంటిదే ఏదో అయ్యుంటుంది.

ఎండాకు తెగులా, పొటాష్ లోపమా అని గాబరా పడే వాళ్ళకి ఒక చిట్కా. మచ్చ, పచ్చ కలిసే చోట ఆకు ముక్క కత్తిరించి గాజు గ్లాసులో తేటనీళ్ళలో నిలబెట్టు, కాసేపు కదపకుండా వెలుతురుకి పెట్టి చూడు, కోసిన అంచు నుంచి పాలలాంటి తీగ కిందికి జారితే అది బాక్టీరియా. జారకపోతే వేరే సంగతి చూసుకోవాలి.

మొక్కజొన్నకి కూడా ఇలాంటి కాపలా ఉంది. మన దగ్గర వరి కోసేశాక రబీలో మొక్కజొన్న వేసేవాళ్ళు బాగా పెరిగారు, కాబట్టి చెప్తున్నా, జీలెక్సిన్లు, కౌరలెక్సిన్లు అని రెండు జట్లు, మొదటివి పదిహేను కార్బన్లవి, రెండోవి ఇరవైవి, రెండూ 2011లో బయటపడ్డాయి, ఫ్యుజేరియం లాంటి బూజులు కాండంలో దిగితే అక్కడ పోగవుతాయి. ఇంతకాలం పండిస్తున్న పంటలో ఇంత ముఖ్యమైనవి 2011 దాకా కనపడకపోవడానికి కారణం అవి తెగులు తగిలిన చోటే, తగిలినప్పుడే ఉండటం. బంగాళాదుంపలో రిషిటిన్ అని 1968లో జపాన్‌లో పట్టుకున్నారు, దానికీ ఒక పేచీ ఉంది, దుంప కుళ్ళు చేసే ఒక ఫ్యుజేరియం రిషిటిన్‌ని విరగ్గొట్టి విషం తీసేసుకోవడం నేర్చుకుంది. మొక్క కొత్తది చేస్తే బూజు కొత్త కత్తెర చేస్తుంది.

పత్తి సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్తా, ఎందుకంటే నీ మూడో ప్రశ్నకి సగం జవాబు అందులో ఉంది. పత్తి మొక్క ఆకుల్లో, గింజల్లో నల్లటి చుక్కలుంటాయి చూశావా, అవి గ్రంథులు, వాటిలో గాసిపాల్ ఉంటుంది, అది కాడినీన్ సింథేజ్ అనే ఎంజైముతో మొదలయ్యే సెస్క్విటెర్పీన్. పురుగులకీ, వడలు తెగులు బూజులకీ ఇది, దీని చుట్టాలు చేదుమందు. కానీ గింజలో ఉన్న గాసిపాల్ మనుషులకి, కోళ్ళకి, పందులకి విషం, పశువులు కాస్త తట్టుకుంటాయి, అందుకే పత్తిచెక్క ఆవులకి పెడతాం గానీ కోళ్ళ దాణాలో వేయడానికి భయపడతాం. గాసిపాల్ అసలు లేని పత్తి రకాలు ముందే తయారుచేసి చూశారు, మొత్తం మొక్కలో కాపలా పోయింది, పురుగులు పండగ చేసుకున్నాయి. అప్పుడు అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో కీర్తి రాథోర్ బృందం ఆ సింథేజ్‌ని గింజలో మాత్రమే పనిచేయకుండా అణిచారు, ఆకు, కాండం, వేరు అన్నిట్లో గాసిపాల్ మామూలుగానే ఉంది, 2006లో ప్రచురించారు, 2019లో అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తినడానికి పనికొస్తుందని ఒప్పుకుంది. పదమూడేళ్ళు. ఎక్కడ పని చేయాలి, ఎక్కడ చేయకూడదు అనేది సరిచేయడమే ఆ కథంతా.

దీనికి ఎదురు కథలు రెండు చెప్తాను, ఎప్పుడూ ఒక పక్కే చెప్పకూడదు కదా. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ పరిశోధన సంస్థ వాళ్ళు గోధుమలో ఫార్నెసీన్ అనే టెర్పీన్ వదిలేలా చేశారు, పేనుబంక ప్రమాదం వచ్చినప్పుడు తోటి పేనుకి ఇచ్చే హెచ్చరిక వాసన అది, ల్యాబులో పేలు పారిపోయాయి, 2012, 2013 పొలం పరీక్షల్లో ఏమాత్రం తేడా రాలేదు. ఎందుకంటే పేను ప్రమాదంలో ఉన్నప్పుడు ఒక్కసారి వదులుతుంది, గోధుమ రోజంతా వదులుతూనే ఉంది, ఎప్పుడూ మోగే గంటని ఎవరు పట్టించుకుంటారు. మొక్కజొన్నలో ఇంకో పని, కారియోఫిల్లీన్ అనే టెర్పీన్ వేరు నుంచి వదిలితే వేరుపురుగుని తినే మేలుచేసే నులిపురుగులు వస్తాయి, అమెరికా రకాలు ఆ గుణం పోగొట్టుకుంటే ఒరెగానో మొక్క జన్యువు పెట్టి 2009లో తిరిగి తెప్పించారు, వేరుకి మేలు జరిగింది. కానీ తర్వాత చూస్తే ఎప్పుడూ ఆ వాసనలు వదిలే మొక్కలకి మొలక తగ్గింది, ఎదుగుదల, దిగుబడి తగ్గాయి, ఆకు తినే పురుగులు ఎక్కువొచ్చాయి. మొక్క కార్బన్ అంతా వాసనకి పోస్తే గింజకి ఏం పోస్తుంది.

వరి రసం పీల్చే మన సుడిదోమ విషయంలో కూడా ఇంతే, 2012లో చైనా వాళ్ళు పొలంలో చూసిన దాని ప్రకారం వరి వదిలే లినలూల్ దోమని దూరంగా పెట్టి, దోమ గుడ్లని తినే సన్న కందిరీగల్ని పిలుస్తుంది, బాగుంది, కానీ కారియోఫిల్లీన్ కందిరీగనీ పిలుస్తుంది, దోమనీ పిలుస్తుంది. కాబట్టి "టెర్పీన్ ఎక్కువైతే మంచిది" అనే మాట ఏ పంటకీ పూర్తిగా నిజం కాదు.

వేప సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, 2021 ప్రాంతంలో మన తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొసల నుంచి ఎండిపోతూ వచ్చాయి, మన ఊరి గుడి దగ్గరా, రోడ్డు పక్కనా అందరం చూశాం. ఫోమాప్సిస్ అనే బూజు, దానికి తోడు టీ దోమ, మన జీడిమామిడి రైతులకి బాగా తెలిసిన పురుగే. ఒళ్ళంతా టెర్పీనాయిడ్ చేదు ఉన్న చెట్టుకి ఆ గతి పట్టింది. చెట్లు చాలా వరకు మళ్ళీ చిగురించాయి, అది వేరే సంగతి.

ఇక నిమ్మగడ్డి నూనె. ల్యాబులో మూత పెట్టిన గాజు పళ్ళెంలో బూజు పక్కన ఒక చుక్క వేస్తే నిజంగానే బూజు పెరగదు, నేను పెంచి చూసిన వాణ్ణే. కానీ అక్కడ ఆవిరి ఎటూ పోదు. నీ పొలంలో పొద్దున్న పది గంటలకి కొడితే మధ్యాహ్నం భోజనానికి ముందే ఆ నూనెలోని సిట్రాల్ అనే టెర్పీన్ చాలా వరకు గాలిలో కలిసిపోతుంది, బూజు వాలేది ఆ రాత్రి మంచులో. పైగా మొక్క చేసే మొమిలాక్టోన్ బూజు దిగిన కణం లోపల ఉంటుంది, నువ్వు కొట్టింది ఆకు పైన ఉంటుంది. ఎక్కువ మోతాదు కొడదామంటే ఆకు మాడుతుంది, నీళ్ళలో సరిగ్గా కలవకపోతే చుక్కలు చుక్కలుగా మాడుతుంది. షాపులో ఎవరైనా సీసా మీద "టెర్పీన్" అని రాసి ఉందని చూపిస్తే ఏ తెగులు మీద, ఏ పంటలో రిజిస్ట్రేషన్ ఉందో లేబుల్ మీద చూపించమను, అంతే. వేపగింజల కషాయం మాత్రం వేరు, అందులో అజాడిరాక్టిన్ కూడా టెర్పీన్ల సంతతే, 1968లో వేరుచేశారు, ఐదు శాతం కషాయం పురుగుల మీద పనికొస్తుంది, ఎండకి విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం కొట్టుకోవాలి. కానీ అది మెడవిరుపుకి మందు కాదు.

విత్తనం సంగతి. టెర్పీన్ సింథేజ్ మార్చి తెగులు తట్టుకునేలా చేసిన వరి రకం మన దగ్గర అమ్మకంలో లేదు. జీఎం పంటల్లో, అంటే బయటి జన్యువు ఎక్కించిన వాటిలో, మన దేశంలో రైతు చేతికొచ్చింది 2002 నుంచి బీటీ పత్తి ఒక్కటే. 2025 మే నెలలో ప్రకటించిన జీనోమ్ ఎడిటింగ్ (మొక్క సొంత జన్యువునే సరిదిద్దిన) వరి రకాలు రెండున్నాయి, అందులో కమల అనేది సాంబమసూరి నుంచే చేశారు, కానీ అది గింజల సంఖ్య, దిగుబడి కోసం చేసిన మార్పు, టెర్పీన్‌కి దాంతో పని లేదు, ఎవరైనా ముడిపెట్టి చెప్తే నమ్మకు.

కానీ ఇంకో దారి ఉంది, అది ఇప్పటికే మన పొలాల్లో ఉంది. తెగులుని తట్టుకునే జన్యువులు అంటామే, ఎక్స్ఏ21 లాంటివి, ఇవి చాలా వరకు గుర్తుపట్టే ప్రోటీన్లని చేసేవి. ఆ ప్రోటీన్లు శత్రువు వచ్చిందని ముందుగా పసిగడతాయి, ఆ పసిగట్టడంతో మొక్క కాపలా అంతా లేస్తుంది, సింథేజ్‌లు కూడా అందులో భాగం. అంటే తట్టుకునే రకం వేస్తే నువ్వు టెర్పీన్ ఎంజైముల్ని సరైన రాత్రి పనిలో పెట్టినట్టే. 2008లో హైదరాబాదు వరి పరిశోధన సంస్థ, అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 మూడూ పెట్టి ఇంప్రూవ్డ్ సాంబమసూరి ఇచ్చారు, అన్నం అదే, ఎండాకు తెగులు తట్టుకుంటుంది. గమనించు, ఎండాకు తెగులుకే, అగ్గితెగులుకి కాదు, ఆ పేరు చూసి నీ మెడవిరుపు పోతుందనుకోవద్దు. అగ్గితెగులు తట్టుకునే రకం కావాలంటే రాగోలు వ్యవసాయ పరిశోధనా స్థానంలో గానీ, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో (కేవీకే) గానీ ఈ ఏడాది ఏది ఇస్తున్నారో అడుగు, నీ మడి పల్లమా మెరకా, ఉభాలా (నాట్లా) ఎదలా (నేరుగా విత్తడమా) అన్నది కూడా చెప్పు, దాన్ని బట్టి చెప్తారు. సాంబమసూరి బీపీటీ 5204, 1986లో వచ్చింది, తిండికి రాజా గానీ తెగుళ్ళకి పసిబిడ్డ, పైగా ఎక్కువ రోజుల పంట కాబట్టి దాని వెన్ను సరిగ్గా చలిరాత్రులు, మంచు మొదలయ్యాకే బయటకొస్తుంది.

నువ్వు ఈ ఏడాదే చేయగలిగింది రెండు మూడు ఉన్నాయి. యూరియా తగ్గించు, ఇది అందరూ చెప్పేదే, కానీ మన వాళ్ళు పొట్ట దశలో ఆకు పచ్చగా లేదని ఇంకో బస్తా వేసేస్తారు, అగ్గితెగులుకైనా ఎండాకు తెగులుకైనా అదే పిలుపు. విడతలుగా వేయి, తెగులు కనపడితే ఆపేయి, ఎండాకు తెగులైతే మడిలో నీళ్ళు తీసేసి ఒక మడి నీళ్ళు ఇంకో మడిలోకి పోకుండా చూసుకో.

ఊక బూడిద. ఇది నాకు ఇష్టమైన సంగతి, ఎందుకంటే మన మిల్లుల దగ్గర గుట్టలు పడి ఉంటుంది. ఊక బూడిదలో 80 శాతం పైనే సిలికా. వరి సిలికా బాగా తీసుకునే పంట. సిలికాన్ అందిన వరిలో అగ్గితెగులు తగ్గుతుందని ఎప్పట్నుంచో తెలుసు, ఆకు గట్టిపడి బూజు దిగలేదని అనుకునేవాళ్ళు, 2004లో తేలింది ఏటంటే సిలికాన్ అందిన మొక్కలకి బూజు తగిలినప్పుడు మొమిలాక్టోన్లు ఎక్కువ పోగయ్యాయి. అంటే గోడ కట్టడమే కాకుండా కాపలావాణ్ణి కూడా లేపుతోంది. తెల్లగా పూర్తిగా కాలిపోయిన బూడిద కంటే నల్లగా, బూడిద రంగులో తక్కువ మంటలో కాలిన ఊక మేలు, మరీ ఎక్కువ వేడిలో కాలితే సిలికా స్ఫటికమై తొందరగా కరగదు. ఆఖరి దమ్ములో, నారుమడిలో గత్తంతో (పశువుల ఎరువుతో) పాటు కలిపెయ్యి. గాలి ఉన్న పూట చల్లకు, ముక్కుకి గుడ్డ కట్టుకో.

మందు విషయానికొస్తే, అగ్గితెగులుకి కొట్టే ట్రైసైక్లజోల్ పనిచేసేది ఇందాక చెప్పానే, బుడిపెకి మెలనిన్ పూత, అది పూయనివ్వకుండా. పూత లేకపోతే ఒత్తిడి రాదు, ఒత్తిడి లేకపోతే పొడవలేదు. అందుకే బూజు దిగక ముందు కొడితేనే ఫలితం, మెడ నల్లబడి వెన్ను విరిగాక కొడితే షాపుకే లాభం. ఆకు మీద నూలుకండె మచ్చలు మొదలవగానే ఒకసారి, వెన్ను బయటకొచ్చే టైములో మంచు పడుతుంటే ఇంకోసారి, 75 శాతం పొడి మందు లీటరు నీటికి 0.6 గ్రాములు, సాయంత్రం పూట. బాక్టీరియా తెగులుకి ఇది పనికిరాదు, అందుకే ముందు గ్లాసు పరీక్ష చేసుకోమన్నది.

ఈసారి ఫొటో పెట్టేటప్పుడు ఆకు రెండు పక్కలా, వెన్ను మెడ దగ్గర ఒకటి, మడి మొత్తం కనపడేలా ఒకటి తియ్యి, ఆఖరి యూరియా ఎప్పుడు ఎంత వేశావో, రాత్రి మంచు ఎలా ఉందో కూడా రాయి, మచ్చ ఫొటో ఒక్కటే చూసి మందు పేరు చెప్పమంటే నేను చెప్పను.